పన్ను నొప్పి

ష్రూస్‌బరీలో మా వీధి చివరి ఇంటికి
పదకొండు కిటికీలు. నాలుగు ఇటుకలతో పూడ్చేసినవి.
ఒకప్పుడు కిటికీకింత అని పన్నేశారట.
లెక్కలవాడు వీధిలో నిలబడి వేలు చూపిస్తూ ఎంచితే
ఇంటివాళ్ళు వెలుతురు పూడ్చుకున్నారు.
పక్కింట్లో ఇంకా తమాషా: ఇటుకల మీదే
తెల్లరంగుతో చట్రం, అద్దం, సగం జరిపిన తెర కూడా గీయించారు.
బయటికి కిటికీ.
లోపలికి గోడ.

ఫోటో తీసి పెట్టేశాను
శనివారం మీటింగుకి పోతూ పోతూ,
రెండో చేత్తో కుడి దవడ పట్టుకుని.
పంటి డాక్టరు దగ్గర నా వంతు ఇంకో ఆర్నెల్లకి గానీ రాదు.
మన భాషలో నోట్లోదీ పన్నే, సర్కారుదీ పన్నే.
ఆ మాట పెట్టినవాడెవడో రెండు నొప్పులూ పడ్డవాడే.
ఒకటి దాటాకే విడిపోతాయి:
ఇవి పళ్ళు, అవి పన్నులు.

లైబ్రరీ మేడ మీద గది. సగం కుర్చీలు ఖాళీ.
ఫేస్‌బుక్కూ ఇన్‌స్టాగ్రామూ వాడేవాళ్ళ దగ్గర
రోజుకి కొన్ని పెన్నీలు సర్కారు వసూలు చెయ్యొచ్చా అని ప్రశ్న.
ఊరికే అభిప్రాయమే, చట్టమేం కాదు, అంది నడిపే ఆవిడ
బిస్కెట్ల పళ్ళెం మా వైపు జరుపుతూ.

బస్సు తోలే క్లైవ్ ముందు లేచాడు.
"సిగరెట్టుకి వేశారు, బీరుకి వేశారు, చక్కెర నీళ్ళకీ వేశారు.
మావాడికి పధ్నాలుగేళ్ళు. రాత్రి మూడింటికి
దుప్పటి కింద నీలంగా వెలుగుతుంటాడు.
దానికి వెయ్యరేం?"
కూర్చున్నాక కూడా అతని మోకాలు ఆడుతూనే ఉంది.

గ్లెనిస్‌కి డెబ్బై తొమ్మిది.
"తుంటి విరిగాక నా వీధంతా ఇందులోకే వచ్చేసింది" అంది
ఫోను ఒళ్ళో బోర్లించి.
"అరుగు మీద కూర్చున్నందుకు చిల్లర అడుగుతారా?"

గొర్రెలు పెంచే వాళ్ళ పిల్ల బ్రాన్వెన్ లేవను కూడా లేవలేదు.
"ఉన్ని కత్తిరించుకునేది కంపెనీ.
బిల్లు గొర్రెకెందుకు?"

అప్పుడు నవ్వబోయి దవడ పట్టుకున్నాను.

నాకూ ఒక మాట ఉంది.
కౌన్సిల్లో పన్ను బకాయిల ఫోన్లెత్తేదాన్ని నేను.
కట్టలేనివాళ్ళ గొంతు ఎరుగుదును:
ముందు దగ్గు, తర్వాత క్షమాపణ,
ఆ తర్వాతే పేరు.
ఎంత చిన్న పన్నైనా
మొదట మూయించేది ఇరుకింటి కిటికీనే, అందామనుకున్నాను.
మరి నీ సంగతి? అని అడిగితే?
రోజుకి నాలుగు గంటల పదకొండు నిమిషాలని
నా ఫోనే నా మీద చాడీ చెబుతుంది.

నోరు తెరవలేదు. బల్ల కింద బొటనవేలే కదిలింది.
నా ఇటుకల కిటికీకి ముప్పై ఒక్కరు.
ముప్పై ఒకటో పేరు మా అక్క కుముదం.
రెండేళ్ళుగా ఫోనెత్తదు. నా పేరెత్తితే గదిలోంచి లేచిపోతుందట.
ఇప్పుడు
ఎర్రటి గుండె బొమ్మ ఒకటి, మాటా పలుకూ లేకుండా.
దీనికి రేటెంత కడతారు, ఎవరు కడతారు,
రసీదు ఏ పేరు మీద రాస్తారు?
లేక ఇదీ గోడ మీద గీసిన తెరేనా,
సగం జరిపినట్టు?

చేతులెత్తమన్నారు. అవునని తొమ్మిది, కాదని ఎనిమిది.
గ్లెనిస్ రెండుసార్లూ ఎత్తింది.
దవడ మీదున్న నా చేతిని కూడా ఎంచేశారు,
ఎటువైపో అడగలేదు.

ఫిబ్రవరిలో పీకేశారు దాన్ని.
ఇప్పుడు నొప్పి లేదు. పన్నూ లేదు.
నాలుక మాత్రం నిద్రలో కూడా
ఆ సందులోకే పోయి వస్తోంది,
ఎవరైనా వచ్చారేమోనని
చూసినట్టు.